శుక్రవారం పది గంటల టెస్టు

వేంపల్లె బజారులో నూనెల గోవిందయ్య కోడలు కారు నేర్చుకుంటోందని ఊరందరికీ తెలుసు. ఎందుకు నేర్చుకుంటోందో మాత్రం ఇంట్లో నలుగురికే తెలుసు. పోయిన చలికాలం కడప నుంచి తిరిగొస్తుంటే అమూల్య భర్త ప్రదీప్‌కుమార్ చేతులు స్టీరింగు మీదే బిగుసుకుపోయాయి. వెనక సీట్లో ఐదేళ్ల పాప భార్గవి నిద్రపోతోంది. ఇండికా రోడ్డు దిగి శనగచేలో పడి ఆగబట్టి సరిపోయింది. మూర్ఛ అన్నాడు డాక్టరు. రోజూ మాత్రలు వేసుకోవాలి, బండి ముట్టుకోకూడదు అన్నాడు. ఎనుము అడ్డమొచ్చిందని ఊరికి చెప్పారు. ఆఖరికి ఆడబిడ్డ శ్రీవాసవికి కూడా అదే చెప్పారు.

ఇంటికి కారు తప్పదు, తోలే మనిషి కావాలి. తానే తోలుతానని అమూల్య దేవేంద్రప్ప డ్రైవింగ్ స్కూల్లో చేరింది, నేర్చుకుంది కూడా. కానీ టెస్టు దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక అడ్డు. మొదటిసారి స్కూలు కారు చెడిపోయిందన్నాడు దేవేంద్రప్ప. ఇంకోసారి టెస్టు చేసే బ్రేకిన్‌స్పెక్టరు లీవులో ఉన్నాడన్నాడు. ఆ తర్వాత కంప్యూటర్లు పనిచేయడం లేదన్నాడు. ఇట్లా సాగి సాగి కారు నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్లెల్లార్ కార్డు గడువు ఆమెకు శుక్రవారంతో తీరిపోయే రోజులొచ్చాయి. ఇక స్కూలును నమ్ముకుంటే లాభం లేదనుకుని, గురువారం పొద్దున ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అమూల్య కడప బస్సెక్కింది.

లైసెన్సులిచ్చే ఆర్టీవో ఆఫీసు తెరిచేటప్పటికే జనం ఉన్నారు. గేటు బయట జెరాక్సు బంకు, దాని పక్కన టీ కొట్టు, వాటి మధ్య చేతుల్లో కాగితాల కట్టలు పట్టుకుని నాలుగైదు డ్రైవింగ్ స్కూళ్ల మనుషులు. వాళ్లు లోపలికి పోవడం, నవ్వుతూ బయటికి రావడం చూస్తుంటే అది వాళ్ల సొంతిల్లేమో అనిపించింది. వరసలో నిలబడిన వాళ్లు మాత్రం నిలబడినచోటే ఉన్నారు.

మొదటి కిటికీ దగ్గర మనిషి తల ఎత్తకుండానే అడిగాడు. "ఏ స్కూలు?"

"స్కూలు కాదు సార్. నేనే వచ్చినా."

"నువ్వే వస్తే ఎట్లమ్మా? స్కూలోళ్లతో రా. తొందరగా అయితాది."

"సొంతంగా రాకూడదని రూలు ఉండాదా సార్?"

అప్పుడు తలెత్తి చూశాడు. రూలు లేదు. లేదని చెప్పడానికి ఆయనకు మనసు రాలేదు. "పక్క కిటికీలో అడుగు" అన్నాడు.

పక్క కిటికీలో ఉన్నాయన టిఫినుకు పోయాడు. వచ్చాక, ఇది తన సెక్షను కాదని మెట్లెక్కమన్నాడు. పైన గదిలో ఉన్నామె, ఎల్లెల్లార్ పని కిందేనని మళ్లీ కిందికి పంపింది. అమూల్య దిగి వచ్చేసరికి వరస ఇంకా పెరిగింది. చెమటకు చీర వీపుకు అంటుకుంది. బయట ఎండ పెటపెటలాడుతోంది. ఇంట్లో ఈపాటికి తను లేదని అత్త ప్రమీలమ్మ కనుక్కునే ఉంటుంది. తిరిగి పోదామా అని కూడా ఒక క్షణం అనిపించింది. పోతే మాత్రం ఏముంది, మళ్లీ దేవేంద్రప్ప చెప్పే ఇంకో సాకు వినడం తప్ప? అక్కడే నిలబడింది.

మళ్లీ ఆ మొదటి కిటికీయే వచ్చింది. ఈసారి ఆమె ఎల్లెల్లార్ కార్డు ముందర పెట్టి గట్టిగా చెప్పింది.

"రేపటితో గడువైపోతాది సార్. మూడుసార్లు డేటు వస్తే రెండుసార్లు మీరే రద్దు చేసినారు. నేనేం చేయల్ల?"

"మేము రద్దు చేసినామా?" ఆయనకు కోపం వచ్చింది. కార్డు లాక్కుని నంబరు కంప్యూటర్లో కొట్టాడు. చూశాడు, మళ్లీ కొట్టాడు. ఈసారి గొంతు తగ్గింది. "ఎవురు చెప్పినారమ్మా నీకు? నీ పేరు మీద టెస్టుకు ఇంతవరకూ ఎవురూ అడగనే లేదే."

"అడగలేదా?"

"ఒక్కసారి కూడా అడగలేదు. అడిగింటే కదా మేము రద్దు చేసేది."

వెనకాల ఎవరో 'జరగమ్మా' అన్నారు. అమూల్య జరగలేదు. ఇన్ని నెలలుగా ఆమె తెల్లవారుజామున లేచి, వంట ముగించి, దేవేంద్రప్ప మారుతిలో గేర్లు మార్చడం నేర్చుకుంది. రివర్సులో ముగ్గు గీతల మధ్యకు కారు పోనియ్యడం నేర్చుకుంది. రేపు టెస్టంటే ముందురోజు అన్నం సహించేది కాదు. ఆ డేట్లన్నీ వట్టివి. ఆమె గుండె దడ ఒక్కటే నిజం.

"అయితే ఇప్పుడు నేను అడుగుతాండా సార్. రాసుకోండి" అంది.

ఆమె మొహంలో ఏం కనబడిందో ఏమో, ఆయన ఒక ఫారం బయటికి తీశాడు. సంతకం పెట్టించుకుని, ముద్ర వేసి కాగితం చేతికిచ్చాడు. "రేపు పొద్దున పదికి గ్రౌండులో ఉండల్ల. కారు నువ్వే తెచ్చుకోవల్ల. పక్కన లైసెన్సు ఉండే మనిషి ఉండల్ల. రేపు రాకపోతే మళ్లా మొదట్నుంచే, చెప్తాండా."

బస్సు దిగీ దిగగానే నేరుగా డ్రైవింగ్ స్కూలుకే పోయింది. దేవేంద్రప్ప మారుతి బానెట్టు ఎత్తి నీళ్లు పోస్తున్నాడు. యాభై దాటిన మనిషి, మెత్తనివాడు. ఇంజను ఆగిపోయినా నేర్చుకునేవాళ్లను ఒక్కమాట అనేవాడు కాదు. ఆమె చేతిలో కాగితం చూసి చెంబు కింద పెట్టాడు.

"దేవేంద్రప్పన్నా, నా పేరుతో నువ్వు ఒక్కసారి కూడా టెస్టు అడగలేదంట."

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"ఎందుకన్నా? నాకు తోలడం రాదా?"

"నీకు రాకపోతే ఎవురికి వచ్చినట్టమ్మా? నీ మాదిరి తోలేటోళ్లను ఈ మధ్య నేను చూళ్లేదు."

"మరి?"

"నన్నెందుకు అడుగుతావు తల్లీ. ఈ గది ఎవురిది? ఈ స్థలం ఎవురిది? మీ మామదే గదా?" కళ్లు దించుకున్నాడు. "కోడలి పోరు పడలేక చేర్పించినా, నేర్పినట్టు నేర్పు, టెస్టు కాడికి మాత్రం పోనియ్యొద్దు అన్నాడు మీ మామ. కారణం నేనడగలా, ఆయన చెప్పలా."

ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "రేపు నీ కారు ఇస్తావా?" అంది చివరికి.

దేవేంద్రప్ప స్కూలు బోర్డు వైపు చూశాడు, గది వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

ఆ సాయంత్రం గోవిందయ్య అంగడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పడసాలలో కుర్చీ వేసుకున్నాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. గిరాకీతో మాట్లాడినా, ఇంట్లోవాళ్లతో మాట్లాడినా అదే మెత్తని గొంతు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ మెత్తదనం చూసి అమూల్య ధైర్యం తెచ్చుకుంది. ఈరోజు కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టి, లోపలికి పోకుండా ఎదురుగా నిలబడింది.

"దేవేంద్రప్పకు మీరే చెప్పినారంట మామా."

ఆయన కాఫీ ఒక గుక్క తాగాడు. "చెప్పినా."

కాదంటాడనుకుంది. ఏదో తిప్పి చెబుతాడనుకుంది. ఇంత నేరుగా ఒప్పుకుంటాడని అనుకోకపోవడంతో, దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారిగా జారిపోయాయి.

"ఎందుకు మామా? నన్ను పిచ్చిదాన్ని చేసి తిప్పల్లనా? వద్దంటే వద్దని చెప్పుంటే నేను మీతో కొట్లాడేదాన్ని. ఇట్ల ఇన్ని నెలలు..."

"వద్దంటే నువ్వు కారణం అడుగుతావు. అడుగుతావని తెలుసు."

"అడుగుతాండా. చెప్పండి."

ప్రమీలమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చి, "అమూల్యా, దీపాలు పెట్టే వేళ..." అంది. గోవిందయ్య చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"ఇంట్లో వయసులో ఉండే మగోడు ఉండాడు. వాడు పక్కన కూర్చుంటే కోడలు బండి తోలుతాదా? నాలుగు రోజులు ముచ్చట అనుకుంటారు. ఐదోరోజు అడుగుతారు, మీవాడు ఎందుకు తోలడం లేదు గోవిందయ్యా అని. నేనేం చెప్పల్ల? రాయచోటి వాళ్లు ఆదివారం ముహూర్తం పెట్టుకుందాం రమ్మన్నారు. వాళ్ల చెవిన పడితే శ్రీవాసవిని చేసుకుంటారా?"

"ఆరోజు వెనకసీట్లో పాప ఉండింది మామా. మీ మనవరాలు. అది నేను ఎట్ల మరిచిపోవల్ల?"

"నేనూ మరవలేదు."

"మరి రేపు మళ్లా అట్లే అయితే? శనగచేను అన్నిచోట్లా ఉంటాదా? లారీ వస్తే? బావి ఉంటే?"

బావి అనే మాటకు గోవిందయ్య చేతిలో గ్లాసు కదిలింది. కాఫీ పంచె మీద ఒలికింది. ప్రమీలమ్మ గబగబా వచ్చి కొంగుతో తుడవబోయింది. ఆయన తుడవనియ్యలేదు. మళ్లీ మాట్లాడినప్పుడు అది ఆయన గొంతులాగా లేదు.

"నాకొక తమ్ముడు ఉండె. నీకు తెలీదు. ఈ ఇంట్లో వాని పేరెత్తి ముప్పై ఏండ్లయింది. వానికీ ఇదే. పడిపోతే ఇనుప తాళాలు చేతిలో పెట్టేవాళ్లం, ఎర్రగడ్డ కోసి ముక్కుకాడ పెట్టేవాళ్లం. అంగట్లో కూర్చోబెడితే జనం పక్కంగడికి పోయేవాళ్లు. వాడు పోసిన నూనె పట్టుకుపోతే అంటుకుంటాదంట. పిల్లనిచ్చేవాళ్లు లేరు. పిలిచేవాళ్లు లేరు. వెనక గదిలోనే వాని బతుకు అయిపోయె. ఒకరోజు తోటలో బావి కాడ నీళ్లు చేదతాండంగా వచ్చిందంట. మేము పోయేసరికి..." ఆపాడు. "నా కొడుకును ఈ ఊరు ఆ చూపు చూడకూడదమ్మా. నేను బతికుండంగా చూడకూడదు. అంతే."

అమూల్యకు కోపం పోలేదు. కానీ కోపం పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది.

"అప్పుడు మందు లేదు మామా" అంది నిదానంగా. "ఇప్పుడుండాది. వేసుకుంటే ఆయన అందరి మాదిరే ఉంటాడని డాక్టరు చెప్పలేదా? ఆయన అంగట్లో కూర్చుంటాడు, లెక్కలు చూస్తాడు, అన్నీ చేస్తాడు. కారొక్కటే నాకు వదిలేయమంటాండా. దాచి దాచి మీ తమ్ముణ్ణి కాపాడుకున్నారా?"

ఆ మాట అన్నాక తానే భయపడింది. గోవిందయ్య లేచి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

అప్పుడు చూసింది, మేడమెట్ల మీద శ్రీవాసవి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుంది.

"అన్నకా?" అంది ఆ పిల్ల. "వదినా, అన్నకా జబ్బు?"

ప్రమీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆ పిల్లకు ఇంక జవాబు అక్కర లేకపోయింది.

ప్రదీప్‌కుమార్ అంగడి కట్టేసి వచ్చాక, అన్నం పెడుతూ జరిగిందంతా చెప్పింది అమూల్య. అతను కంచంలో మెతుకులు కెలుకుతూ విన్నాడు.

"రేపు మన ఇండికాలోనే పోదాంలే" అన్నాడు చివరికి. "నువ్వు తోలు. పక్కన నేను కూర్చుంటా. లైసెన్సు నాకుండాది కదా."

ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలల్లో అతని నోట ఈ మాట రావడం ఇదే మొదలు.

"మాత్రలు వేసుకున్నారా?"

అతను నీళ్లు తాగాడు. గ్లాసు దించలేదు.

"మిమ్మల్నే."

"మానేసినా. నెల దాటింది. అవి వేసుకుంటే పగలంతా మత్తుగా ఉంటాది అమూల్యా. గిరాకీ ముందర తూగుతాంటే నాయన మొహం చూడలేకపోతాండా. మానేసినంక ఏమైంది? ఏమీ కాలేదు గదా."

ఆమె లేచి వెళ్లి మాత్ర తెచ్చి అరచేతిలో పెట్టింది. అతను వేసుకున్నాడు. ఒక్క మాత్రతో ఏమవుతుందో ఏమీ కాదో ఆమెకు తెలియదు. డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకుపోవాలి. రేపు టెస్టు కాగానే, కడపలోనే కదా, అక్కణ్ణుంచే తీసుకుపోవాలి అనుకుంది.

శుక్రవారం పొద్దున ప్రమీలమ్మ ఎన్నడూ లేనిది తానే పాపకు జడ వేస్తూ, "అమ్మవారిశాలకు పోయి టెంకాయ కొట్టుకొని రా అమూల్యా. మంచి పనికి పోతాండావు" అంది. అత్త మనసు మారిందని సంతోషపడింది అమూల్య. తలస్నానం చేసి, పసుపు రంగు చీర కట్టుకుని పోయింది. పూజారి ఆలస్యం చేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి వాకిట్లో ఇండికా లేదు.

పెట్రోలు పట్టించడానికి పోయాడేమో అనుకుంది మొదట. ఇంట్లో అడుగుపెడితే నిశ్శబ్దం. శ్రీవాసవి ఒక్కతే పడసాలలో, కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"రాయచోటికి పోయినారు వదినా."

"ఎవురు?"

"అందరూ. నువ్వు పండుకున్నంక రాయచోటి నుంచి ఫోనొచ్చింది. వాళ్ల ముసలాయనకు మా చిన్నాయన సంగతి తెలుసంట. మీ పిల్లోనికి కూడా అట్లాంటిదేదో ఉండాదంట గదా, మొన్న కారు అందుకే పడిందంట గదా అని అడిగినారు. నాయన లేదన్నాడు. ఆదివారం దాకా ఎందుకు, రేపే వస్తాం, మా వాడే కారు తోలుకొని మీ వాకిట్లో దిగుతాడు, చూసుకోండి అన్నాడు."

"రాయచోటికి పోవడానికి ఏసన్న జీపు బాడుగకు మాట్లాడినారు గదా!"

"పొద్దున్నే వద్దని చెప్పి పంపించినారు. అన్న తోలితేనే నమ్ముతారంట. అన్న ముందర ఒప్పుకోలేదు వదినా. నీ టెస్టు ఉండాదన్నాడు. నాయనే అన్న చేతులు పట్టుకున్నాడు. చేతులు పట్టుకుని అడిగితే ఇంక అన్న ఏం చేస్తాడు?" శ్రీవాసవి చేత్తో మొహం తుడుచుకుంది. "నాకీ సంబంధం వద్దని ఎంత మొత్తుకున్నా ఎవురూ ఇనలా."

"పాప యాడ?"

శ్రీవాసవి తలెత్తలేదు.

"వాసవీ, పాప యాడ?"

"నేనూ వస్తానని ఏడ్చింది. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుంది."

అమూల్య ప్రదీప్ నంబరుకు కొట్టింది. ఆ ఫోను లోపలి గదిలో మంచం మీదే మోగింది. మామ నంబరుకు కొట్టింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కొట్టింది. చెప్పులు వేసుకున్నదో లేదో కూడా చూసుకోకుండా వీధిలోకి నడిచింది. తర్వాత పరుగెత్తింది. వెనకాల శ్రీవాసవి. అంగళ్లు తెరుస్తున్నవాళ్లు చీపుర్లు పట్టుకుని ఆగి చూశారు. గోవిందయ్య కోడలూ కూతురూ బజారులో పరుగెత్తడం వాళ్లెప్పుడూ చూడలేదు.

దేవేంద్రప్ప మారుతికి ఎల్ బోర్డు కడుతున్నాడు. ఆమెను చూసి నిటారుగా నిలబడ్డాడు.

"ప్రదీప్ రాయచోటి దారిలో ఇండికా తోలుతాండాడన్నా. ఆయనకు మూర్ఛ ఉండాది. మాత్రలు మానేసినాడు. కార్లో నా బిడ్డ ఉండాది."

ఇంతకాలం నలుగురు దాచిన మాట నడిరోడ్డులో, ముగ్గురు నలుగురు వింటుండగా, అంత మామూలుగా ఆమె నోట్లోంచి వచ్చేసింది. టీ కొట్టు దగ్గర ఎవరో గ్లాసు కింద పెట్టారు. దేవేంద్రప్ప ఆమెను చూశాడు, తన గదికేసి చూశాడు. ఈసారి ఎక్కువసేపు చూడలేదు. జేబులోంచి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టి, తను పోయి పక్క సీట్లో కూర్చున్నాడు. శ్రీవాసవి వెనక ఎక్కింది.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ఊరి బయట క్రాసు దగ్గర ఒక దారి కడపకు పోతుంది, ఒకటి గండి మీదుగా రాయచోటికి. కడప వైపు బస్సొకటి జనాన్ని ఎక్కించుకుంటోంది. ఇప్పుడు ఆ దారి పట్టినా పది గంటలకు గ్రౌండులో ఉండొచ్చు. ఆఫీసు ముద్ర వేసిన కాగితం ఆమె బ్యాగులోనే ఉంది.

"ఈరోజు తప్పితే నీ ఎల్లెల్లార్ పోతాదమ్మా" అన్నాడు దేవేంద్రప్ప మెల్లగా. "కావాలంటే నేను తోల్తా, నువ్వు బస్సెక్కి..."

"టెస్టుకు కారు కూడా కావల్ల గదన్నా" అంది అమూల్య. నవ్వొచ్చేటంత విసుగు వచ్చింది ఆమెకు. ఆ కిటికీల మీద, ఆ మెట్ల మీద, ఆ మెత్తని గొంతు మీద, పట్టుకున్న చేతుల మీద. ఇండికేటరు వేసి స్టీరింగు రాయచోటి వైపు తిప్పింది.

గండి దగ్గర కొండలు దగ్గరపడి, రోడ్డు మలుపులు తిరగడం మొదలుపెట్టింది. ఎదురొచ్చే ప్రతి తెల్లకారూ ఇండికాలాగే కనబడుతోంది. మూడో గేరు, రెండో గేరు, హారను, మళ్లీ మూడో గేరు. దేవేంద్రప్ప కాలు, స్కూలు కారుకు పక్క సీటు దగ్గర కూడా ఉండే బ్రేకు మీద ఉంది కానీ ఒక్కసారి కూడా నొక్కలేదు.

వెనకసీట్లో బ్యాగులో ఫోను మోగింది.

"నాయన నంబరు వదినా!" శ్రీవాసవి ఆత్రంగా ఎత్తింది. "హలో... నాయనా..." అద్దంలో అమూల్యకు ఆడబిడ్డ మొహం కనబడింది. చూస్తుండగానే ఆ మొహంలో రంగు పోయింది.

"ఏమంటాండాడు మామ? వాసవీ!"

"నాయన కాదు వదినా" అంది శ్రీవాసవి. "పాప. నాన్న పలకడం లేదంటాది. అవ్వ, తాత కూడా పలకడం లేదంటాది."